ముల్లు జరిపితే పర్భణి



"చిన్నప్పుడు మీరు ఏ పాటలు వింటూ పెరిగారు?" అని మా భైంసా వాళ్ళను అడిగి చూడండి. జవాబు వెంటనే రాదు. గుర్తులేక కాదు, ఏ భాషతో మొదలుపెట్టాలో తోచక.

మా ఇంట్లో గూట్లో ఒక రేడియో ఉండేది. దానికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బులు కట్టే రోజులవి. బాపు పత్తి అడ్తి దుకాణంలో గుమాస్తా. పొద్దున దుకాణానికి పోయేముందు హైదరాబాదు నుంచి తెలుగు వార్తలు వినేవాడు. ఆయన గడప దాటగానే అవ్వ ముల్లు కొద్దిగా జరిపేది. పర్భణి కేంద్రం నుంచి మరాఠీ అభంగాలు మొదలయ్యేవి. అవ్వది భోకర్ పక్క ఊరు. మరాఠీ చదవడం రాదు గానీ అభంగాలు సగం నోటికి వచ్చు. రాత్రయితే మళ్ళీ హైదరాబాదు కేంద్రమే, ఈసారి ఉర్దూ కార్యక్రమం నయ్‌రంగ్. దానికోసం ఎదురింటి ఖాలా అంట్లు తోముకొని, పిల్లలను పడుకోబెట్టి, మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది. వాళ్ళింట్లో రేడియో లేక కాదు. వాళ్ళాయన నిద్రపోయే వేళ అది.

మా ఊరికి ఈ మూడు భాషలు ఎక్కడినుంచి వచ్చాయని బయటివాళ్ళు అడుగుతుంటారు. అవి రాలేదు, ఉన్నవే. వచ్చింది సరిహద్దు. 1956 నవంబరు 1 దాకా మాది ఆదిలాబాదు జిల్లా కాదు, నాందేడ్ జిల్లా. ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళను ఆరోజు అక్కడినుంచి తీసి ఆదిలాబాదులో కలిపారు. మారుగా ఆదిలాబాదులోని కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. అంతకుముందు అందరం నిజాం ప్రజలమే. ఆఫీసుల బోర్డులు మారాయి గానీ పెళ్ళి సంబంధాలు మారలేదు, అప్పులిచ్చే సావుకార్లు మారలేదు, రేడియో తరంగాలకైతే ఆ సరిహద్దు సంగతే తెలియదు. 2016 అక్టోబరులో మళ్ళీ జిల్లా మారి నిర్మల్‌కు వచ్చాం. మా వీధిలో ఒక ముసలాయన ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల్లో కాపురం చేశానని చెప్పుకొనేవాడు.

పిల్లలకు ఈ చరిత్ర ఎవరూ చెప్పలేదు. మాకు తెలిసింది కిరాణా కొట్టులో గాజు సీసాలు. ఒక సీసాలో న్యూట్రిన్ చాక్లెట్లు ఉండేవి, చిత్తూరు నుంచి వచ్చేవి. పక్క సీసాలో రావల్‌గావ్ బిళ్ళలు, నాసిక్ జిల్లా నుంచి. పది పైసలు చేతిలో పెట్టుకొని ఏది కొనాలో తేల్చుకోలేక నిలబడేవాళ్ళం. దుకాణం ఆయన విసుక్కొని ఏదో ఒకటి తీసి చేతిలో పెట్టేవాడు. మా ఊరి పిల్లలకు ఉత్తరమూ దక్షిణమూ నాలుక మీదే కలిశాయి. (ఈ మధ్య, 2024లో, రావల్‌గావ్ బ్రాండ్లను రిలయన్స్ కొన్నదని చదివాను. న్యూట్రిన్ అంతకు చాలా ముందే చేతులు మారింది. ఏం చేసుకుంటారో చేసుకోనీండి, ఆ పాన్ పసంద్ రుచి మాత్రం పాడుచెయ్యకుండా ఉంటే చాలు.)

చదువుకొనే పుస్తకాలదీ అదే దారి. మా ఇంటికి చందమామ వచ్చేది. వచ్చేది అంటే, బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణంలో పాతది సగం ధరకు దొరికితే అన్న తెచ్చేవాడు. మా వెనకింటి మరాఠీ ఆమెను కాకు అనేవాళ్ళం; వాళ్ళ పిల్లలు చాందోబా తెచ్చుకొనేవాళ్ళు. చాందోబా అంటే మరాఠీ చందమామే. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టిన పత్రికకు 1952లో వచ్చిన మరాఠీ చెల్లెలు. మద్రాసులో ఒకే ప్రెస్సు, ఒకటే కథలు, అవే బొమ్మలు. శంకర్ గారు వేసిన విక్రమార్కుడు అదే కత్తితో, అదే శవాన్ని భుజాన వేసుకొని, అదే చెట్టు కింద నడిచేవాడు. మాటలు మాత్రం దేవనాగరిలో ఉండేవి. రెండు పుస్తకాలు పక్కపక్కన పరుచుకొని, బొమ్మను బట్టి పేజీ పట్టుకొని, వాళ్ళది నేను, నాది వాళ్ళు కూడబలుక్కొనేవాళ్ళం. బళ్ళో హిందీ పంతులు రాకముందే నాకు ఆ లిపి పట్టుబడింది అలాగే. ఏ సంస్థా ఏ పథకమూ పెట్టకుండా పిల్లలు ఒకరి లిపి ఒకరు నేర్చుకోవడం నేను మళ్ళీ చూడలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులమ్మగా పనిచేసి ఈ మాట అంటున్నాను.

బుధవారం రాత్రి మాత్రం భాషల తగవు లేదు. ఆరోజు ముల్లు షార్ట్‌వేవ్‌కు పోయేది, సిలోనుకు. 1952 నుంచి అమీన్ సయానీ నడిపిన బినాకా గీత్‌మాలా. అన్న ఒక పాత లెక్కల నోటుబుక్కులో వారం వారం పాటల స్థానాలు రాసేవాడు. ఒక పాట మూడోమెట్టు నుంచి ఏడోమెట్టుకు జారితే వాడు అన్నం సరిగా తినేవాడు కాదు. మధ్యలో గొంతు సన్నగా అయిపోయి, గరగర వచ్చి, మళ్ళీ లేచేది. సరిగ్గా మొదటి స్థానం చెప్పే వేళకే అలా జరిగేది. మరునాడు గంజి బజారులో, బడిలో, నల్లా దగ్గర అందరూ అందరినీ అడిగేవాళ్ళు, "నిన్న ఫస్టు ఏమొచ్చింది?" అని. 1989లో ఆ కార్యక్రమం వివిధభారతికి మారింది. అప్పటికి అన్నకు పెళ్ళయింది, నోటుబుక్కు ఏమైందో వదినకే తెలియాలి. సిలోనులో తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఉండేది. సముద్రం అవతలినుంచి ఒకామె మన ఊళ్ళ పేర్లు, కోరిన వాళ్ళ పేర్లు చదువుతుంటే, మా పేరు ఎప్పుడు వస్తుందా అని కార్డు ముక్కలు రాసి పంపేవాళ్ళం. రాలేదు లెండి.

ఇక సినిమా. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మా ఊళ్ళో సినిమా పత్తితో పాటు వచ్చేది. దసరా దాటాక పత్తి బండ్లు మొదలయ్యేవి. సంక్రాంతి దాకా గంజి రోడ్డు పొడవునా ఎడ్లబండ్లు బారులు తీరి ఉండేవి. తూకం కోసం రాత్రంతా అక్కడే ఆగిన రైతులు, జిన్నింగ్ మిల్లుల్లో పనికొచ్చిన కూలీలు, చేతిలో పైసలున్న అడ్తివాళ్ళు. టాకీసు నిండాలంటే ఇంకేం కావాలి? ఆ నెలల్లోనే కొత్తవి పడేవి. కొత్తవి అంటే మాకు కొత్తవి. హైదరాబాదులో శతదినోత్సవం అయిపోయి, నిజామాబాదులో అరిగి, నిర్మల్‌లో తెగి అతికించుకొని పెట్టె మా దగ్గరికి చేరేది. వానాకాలంలో, చేతిలో పైస ఆడని రోజుల్లో, పాతవే తిప్పి తిప్పి వేసేవాళ్ళు. బండి మీద మైకు కట్టుకొని ఊరంతా తిరిగే ఆయన ఒకే గుక్కలో తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి వెళ్ళి మరాఠీలో ముగించేవాడు. ఆయన వెనక పరుగెత్తి రంగు కాగితాలు ఏరుకోవడం మా సాయంత్రపు పని.

అవ్వలు చూసిన సినిమాలు వేరు, అన్నలు చూసినవి వేరు. 1975లో షోలే, జై సంతోషీ మా రెండూ వచ్చాయి. షోలేను మేం చూసినదానికంటే విన్నది ఎక్కువ. దాని మాటల రికార్డును పెళ్ళి పందిట్లో మైకులో వేసేవాళ్ళు. తాళి కట్టే వేళకు గబ్బర్‌సింగ్ గర్జించిన పెళ్ళిళ్ళకు నేనే సాక్షిని. సంతోషీమాత సినిమాకు మాత్రం ఆడవాళ్ళు చెప్పులు బయట విప్పి పోయేవాళ్ళు. ఆ సినిమా తర్వాత మా గల్లీలో శుక్రవారం ఎవరింట్లోనూ పులుపు లేదు. పచ్చిపులుసు లేని భోజనం బాపుకు ఎక్కేది కాదు, గొణుక్కుంటూ తినేవాడు.

ఖైదీ వచ్చింది 1983లో, శివ 1989లో. శివ చూసొచ్చిన పిల్లగాండ్లు కిరాయి సైకిళ్ళ చైన్లు లాగుతుంటే, దుకాణం ఆయన కొన్నాళ్ళు చిన్నపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడమే మానేశాడు. అదే 1989 చివర వచ్చిన మైనే ప్యార్ కియాను మేం హిందీలో చూశాం. తర్వాత అది ప్రేమ పావురాలు పేరుతో తెలుగు మాట్లాడుతూ వస్తే మళ్ళీ చూశాం. హిందీది చూసినవాళ్ళం గనక పెదవుల కదలికకూ మాటకూ పొత్తు కుదరనప్పుడల్లా నవ్వేవాళ్ళం. పక్క పల్లెలనుంచి వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి కోప్పడేవాళ్ళు. 1991లో మాహేర్చీ సాడీ వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. పుట్టింటి చీర కథ అది, అలకా కుబల్ కథానాయిక. ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా పోయి ఏడ్చి వచ్చారు. మరాఠీ రాని వాళ్ళూ ఏడ్చారు. అత్త పెట్టే బాధకు అనువాదం అక్కర్లేదని మా పెద్దమ్మ అన్నది, పక్కన తన కోడలు కూర్చునుండగానే.

ఒక మాట మాత్రం అప్పుడే తగిలింది, ఇప్పటికీ పోలేదు. తెలుగు సినిమాలో హీరో మాట్లాడే తెలుగు మాది కాదు. మా మాట మాట్లాడేవాడు తెరమీదికి వస్తే వాడు రౌడీ అయినా కావాలి, నవ్వించేవాడైనా కావాలి. హిందీ సినిమాలో మా దక్కనీ యాసకూ అదే గతి. మరాఠీ సినిమాకు పోతే అక్కడి పుణె పలుకుబడి ముందు కాకు వాళ్ళ మరాఠ్వాడా మాట మోటు. మూడు భాషలుండి మూడింట్లోనూ మేం అంచునే ఉన్నాం. రేడియోలో బాలానందం పిల్లలు ఎంత చక్కగా మాట్లాడేవాళ్ళో! రేడియో అన్నయ్య, అక్కయ్యలంటే ఇష్టం ఉండేది గానీ, ఆ పిల్లల్లాగా నేను నోరు తెరవగలనని ఎప్పుడూ అనిపించలేదు. 1986లో ఆదిలాబాదు ఆకాశవాణి వచ్చాక, పత్తికి పురుగు పట్టిన సంగతి ఒక రైతు మేం ఇంట్లో మాట్లాడే మాటలోనే చెబుతుంటే బాపు రేడియో గొంతు పెంచాడు. పురుగుల మందు కోసం కాదు, ఆయనకు పొలమే లేదు.

ఆటల గురించి ఎక్కువ చెప్పను, అన్ని ఊళ్ళవీ ఒకటే. గోటీలు, చిర్రగోనె, పతంగులు. జాతరలప్పుడు కుస్తీలు మాత్రం మా పక్క ప్రత్యేకం. నాందేడ్ వైపునుంచి పహిల్వాన్లు వచ్చేవాళ్ళు, చిన్నపిల్లల జోడీలతో మొదలై, పెద్ద కుస్తీ చీకటి పడేవేళకు సాగేది. నిర్మల్ కొయ్యబొమ్మలు అంత పేరుగలవి కదా, మీరు వాటితో ఆడుకున్నారా అని హైదరాబాదులో ఒకామె అడిగింది. పొనికి కర్రతో చేసే ఆ బొమ్మలు షోకేసుల్లో పెట్టుకొనేవాళ్ళ కోసం పోయేవి. మేం ఆడుకున్నది జొన్నసొప్ప బెండ్లతో చేసిన ఎడ్లబండ్లతో.

టీవీ మా గల్లీకి ఒక్కటే వచ్చింది, సేఠ్ ఇంటికి. వాళ్ళు పత్తి వ్యాపారులు, మార్వాడీలు. 1987 జనవరి 25న రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అనేసరికి సేఠ్ గారి వాకిలి నిండిపోయేది. టీవీకి కుంకుమబొట్టు, పూలదండ. అరుగుమీద పెద్దవాళ్ళు, కింద మేం, గోడమీద ఆలస్యంగా వచ్చినవాళ్ళు. చిన్న ఊళ్ళ ప్రసార కేంద్రాలు అప్పుడు చాలావరకు ఢిల్లీ కార్యక్రమాలనే తిరిగి పంపేవి. మరి హైదరాబాదు దూరదర్శన్ 1977 నుంచే ఉన్నా, తెలుగు మాకు టీవీలో అరుదు. అంతా హిందీయే. అదీ సంస్కృతం కలిసిన గట్టి హిందీ.

ఖాలాకు ఆ హిందీ అర్థమయ్యేది కాదు. ఆమెది ఉర్దూ. "యే కౌనసీ జబాన్ హై?" అని పక్కనున్న కాకును అడిగేది. మరాఠీలో సంస్కృతం మాటలు ఎక్కువ గనక కాకుకు అన్నీ తెలిసేవి. ఆమె చెవిలో చెప్పేది. కాకు చెప్పింది ఖాలా మా అవ్వకు చెప్పేది. అలా దశరథుడి వరాలు మూడు చేతులు మారి మాదాకా వచ్చేసరికి రథం అడవి దాటిపోయేది. మహాభారతం వచ్చినప్పుడూ ఇదే. 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా. దాని మాటలు రాసింది రాహీ మాసూం రజా అని సేఠ్ గారబ్బాయి పత్రికలో చూసి చెప్పాడు. ఖాలా నమ్మలేదు. "మావాడు రాసుంటే నాకు అర్థం కావాలి కదా" అన్నది. ఆ 1990లోనే టిప్పు సుల్తాన్ వచ్చింది. ఈసారి దర్బారు ఉర్దూ. కాకు నోరు తెరిచి చూస్తూ కూర్చుంది, ఖాలా ముందుకు జరిగి, కొంచెం దర్జాగా, మాటమాటకూ అర్థం చెప్పింది. రెండేళ్ళ బాకీ తీర్చుకున్నట్టే ఉంది ఆమె వాలకం. యుద్ధం బాగా సాగుతుండగా కరెంటు పోయేది. అప్పుడు అందరూ ఒకే భాషలో తిట్టేవాళ్ళు.

వినాయక చవితి పందిళ్ళలో వీడియో సినిమాలు వేసేవాళ్ళు. వీసీఆర్ రాత్రికి కిరాయి. మొదట లతా మంగేష్కర్ పాడిన మరాఠీ గణపతి ఆరతి క్యాసెట్టు, తర్వాత ఒక తెలుగు సినిమా, ఒక హిందీది, తెల్లవారుజామున మేలుకొని ఉన్నవాళ్ళకు ఇంకోటి. ఉర్సు రాత్రుల్లో కవ్వాలీలు, ఏప్రిల్ 14న భీమ్ గీతాలు. ఎవరి పండగ మైకైనా అందరి చెవుల్లోనే మోగేది, వద్దన్నా. క్యాసెట్లు నింపే దుకాణం ఒకటి ఉండేది. కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి ఖాళీ క్యాసెట్టు ఇస్తే రెండురోజుల్లో నింపి ఇచ్చేవాడు. నా క్యాసెట్టుకు ఒక పక్క తెలుగు, రెండో పక్క హిందీ. చివర రెండు నిమిషాలు ఖాళీ మిగిలితే అతను అడక్కుండానే తనకిష్టమైన మరాఠీ లావణి ముక్క వేసేవాడు. సగంలో తెగిపోయేది. అందులో పూర్తిగా ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆరోజుల్లో అందరూ పాలూ నీళ్ళలాగా కలిసిమెలిసి ఉన్నారని నేను చెప్పను. నీళ్ళ దగ్గర, ఊరేగింపుల దగ్గర తగవులు అప్పుడూ ఉన్నాయి. వాకిట్లో కలిసి కూర్చున్నవాళ్ళు ఒకరింట్లో ఒకరు అన్నం తినని రోజులవి. 2008 అక్టోబరులోనూ 2020 జనవరిలోనూ మా ఊరి పేరు దేశమంతా విన్నది మత ఘర్షణల వల్లే. దాన్ని తలుచుకోకుండా భైంసా బాల్యం గురించి తీపిగా మాట్లాడటం నాకు చేతకాదు. నేను చెప్పగలిగింది ఇంతే. ఒక్క తెర ఉన్నప్పుడు, మన భాష కానిదాన్ని కూడా కూర్చొని చూడక తప్పలేదు. పక్కవాళ్ళను అర్థం అడగక తప్పలేదు. ఇష్టంతో కాదు, గత్యంతరం లేక.

ఆ గత్యంతరం కేబులు రూపంలో వచ్చింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ తెలుగులో మొదలైంది. మా ఇంట్లో అప్పటికి సొంత టీవీ ఉంది. తెలుగు రోజంతా వస్తుందంటే అవ్వ మొదట నమ్మలేదు. 2000లో ఆ సంస్థే ఈటీవీ మరాఠీ పెట్టింది. కాకు ఇంట్లో పండగ. 2001లో ఈటీవీ ఉర్దూ. ఖాలా ఇంట్లో కొత్త టీవీ కొన్నారు. మూడూ హైదరాబాదు పక్కన ఒకే సంస్థ నుంచి బయలుదేరినవే, మా గల్లీకి వచ్చేసరికి మూడిళ్ళలోకి మూడు దార్లు పట్టాయి. ఎవరి సీరియల్ వాళ్ళది, ఎవరి వార్తలు వాళ్ళవి. సాయంత్రం సీరియల్ వేళకు ఎవరూ ఎవరి వాకిట్లోకీ రావడం లేదని గమనించేసరికి ఏళ్ళు గడిచాయి. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మన భాషలో టీవీ కావాలని కోరుకున్నది మేమే కదా.

అయితే పాటలు టీవీల్లా కుదురుగా కూర్చోవు. 2016లో సైరాట్ వచ్చింది, నాగరాజ్ మంజులే తీసిన మరాఠీ సినిమా. ఆ పాటలు మా ఊళ్ళోకి ఎలా దూరాయో తెలియదు, ఆటోల్లో, చాయ్ హోటళ్ళలో, పొలాలకు పోయే ట్రాక్టర్లలో అవే. మొన్న మా మేనల్లుడి పెళ్ళి బరాతులో డీజే అతను సైరాట్ పాట ముగియకముందే దాంట్లోకి తెలంగాణ జానపదం కలిపాడు, దాని మీద ఒక పాత హిందీ పాట ఎక్కించాడు. ఖాలా మనవడు, కాకు మనవరాళ్ళు, మా పిల్లలు ఒక్క అడుగు తప్పలేదు. "ఏ భాష పాటరా ఇది?" అని అడిగితే మావాడు నన్ను వింతగా చూసి, "పాట అత్తమ్మా, డ్యాన్స్ చెయ్" అన్నాడు. ఆ డబ్బాల ముందు నిలబడ్డందుకు మరునాడు మధ్యాహ్నం దాకా నాకు చెవులు వినిపించలేదు.